పొయ్యి దగ్గర ఎవరున్నారు?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు చాలా ఏళ్లు బయటి దేశాల్లో పనిచేశావు కదా, ఆ అనుభవాలు ఓ ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. ఇంజనీరు అనుభవాలంటే ఎక్కువగా కాంక్రీటు, కడ్డీలు, కొలతలు. అవి మొదలుపెడితే మీరంతా ముందే భోజనాలకి లేచిపోతారు. అందుకని నేనే భోజనం గురించి మాట్లాడదామనుకున్నాను. పరాయి దేశంలో ఉన్నవాడు ఎక్కడ తినాలి? ఏ దేశంలోనైనా ఒకే బోర్డు, ఒకే రుచి ఉండే పెద్ద కంపెనీ హోటల్లోనా, ఆ ఊరివాళ్లు సొంతంగా నడుపుకునే చిన్న హోటల్లోనా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ ఇవాళ అరకులో రోడ్డు పక్కన జానెడు స్థలం ఉన్న ప్రతి కుటుంబమూ ఇదే ప్రశ్నను అవతలి వైపు నుంచి ఎదుర్కొంటోంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

నేను మొదట వెళ్లిన దేశం జపాన్. 1994లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, శిక్షణ కోసం కిటాక్యూషూ అనే ఊరికి పంపారు. ఉక్కు కార్ఖానాల ఊరు. 1901లో మొదలైన యవాటా ఉక్కు కార్ఖానా అక్కడిదే. ఆ ఊళ్లో దిగగానే నాకు మన బడి కిటికీ గుర్తొచ్చింది. మన కొత్తవలస - కిరండూల్ లైను ఎందుకు వేశారో సోషల్ మాస్టారు చెప్పిన పాఠం మీకూ గుర్తుండే ఉంటుంది. బైలాడిలా కొండల ఇనుప రాయి జపాన్‌కు పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ దేశం సహాయంతో ఈ కొండల్లో యాభైకి పైగా సొరంగాలు తొలిచి లైను వేశారు. లెక్కల పీరియడ్లో మనం కిటికీలోంచి లెక్కపెట్టిన వ్యాగన్లన్నీ విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి ఓడల్లో ఆ దేశానికి వెళ్లాయి. రాయి ముందు వెళ్లింది, వెనకాల నేను వెళ్లాను.

వెళ్లిన మొదటి పది రోజులూ నేను తిన్నది ఒక అమెరికన్ కంపెనీ హోటల్లో. ఎందుకంటే అక్కడ భాష అక్కర్లేదు. పైన బొమ్మలు, బొమ్మల కింద ధరలు. వేలు పెట్టి చూపిస్తే చాలు. ఎవరూ తేరిపార చూడరు. ఎంతసేపు కూర్చున్నా లెమ్మనరు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. కొత్త దేశంలో, భాష రానివాడికి, రాత్రి తొమ్మిదింటికి ఆకలేస్తే ఆ వెలుగుతున్న బోర్డు ఎంత ధైర్యమిస్తుందో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. విదేశాల్లో ఉండి కంపెనీ హోటళ్లను ఎగతాళి చేసేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది మొదటి నెల గడిచింది అక్కడే.

పదకొండో రోజున మా బస వెనక సందులో ఒక చిన్న హోటలు కనిపించింది. ముసలి దంపతులు నడుపుతున్నారు. అక్కడి చిన్న హోటళ్లలో ఒక మంచి పద్ధతి ఉంది. వంటకాలన్నీ ప్లాస్టిక్కుతో అచ్చుగుద్దినట్టు చేసి, అద్దాల బీరువాలో బయట పెడతారు. ధర పక్కనే రాసి ఉంటుంది. అంటే కంపెనీవాడి బొమ్మల బోర్డు పని వాళ్లు తమ తీరులో ఎప్పుడో చేసి పెట్టుకున్నారు. ఒక చేప, గిన్నెడు అన్నం, పులిసిన సోయా ముద్దతో కాచిన చారు, రెండు ముక్కల ఊరగాయ. మన భోజనానికి దూరపు చుట్టమే. మూడో రోజుకి ఆ అవ్వ నేను అన్నం ఎక్కువ తింటానని కనిపెట్టింది. నాలుగో రోజు నుంచి అడక్కుండానే పెద్ద గిన్నె పెట్టేది. నెల తిరిగేసరికి నాకు వందదాకా అంకెలు, ఉప్పు, నీళ్లు, చాలు, ఇంకొంచెం, ఈ మాటలన్నీ వచ్చేశాయి. కంపెనీ హోటల్లో ఏడాది తిన్నా ఒక్క ముక్క వచ్చేది కాదు. అక్కడ వేలు ఉంటే చాలు, నోరు అక్కర్లేదు.

ఆ హోటలుకి వచ్చేవాళ్లంతా కార్ఖానా పనివాళ్లు. ఒకరోజు మీ ఊరెక్కడ అని సైగ చేశారు. కాగితం మీద ఒక కొండ, ఒక రైలు, ఒక ఓడ గీసి, చివర వాళ్ల కార్ఖానా పొగగొట్టం గీశాను. ఆ రోజు వాళ్లు నన్ను డబ్బులు ఇవ్వనివ్వలేదు. అక్కడ డబ్బు వద్దనే అధికారం ఉన్న మనిషి పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. కంపెనీ హోటల్లో కౌంటరు దగ్గర పిల్లవాడికి మనసు ఎంత మంచిదైనా ఆ అధికారం లేదు. రెండు రకాల హోటళ్లకూ మధ్య అసలు తేడా ఇదేనని నాకు తర్వాత తర్వాత తేటపడింది. అది స్వదేశీ, విదేశీ అన్న తేడా కాదు. చెన్నైలో 1981లో పుట్టిన శరవణ భవన్ ఇవాళ ఎన్నో దేశాల్లో ఉంది. అమెరికాలో మన తెలుగువాళ్ల బిర్యానీ హోటళ్లు కూడా ఫ్రాంచైజీలైపోయాయి. ఇడ్లీ పెట్టినా, బర్గరు పెట్టినా నేను చూసేది ఒక్కటే. నిర్ణయం తీసుకునే మనిషి పొయ్యి దగ్గర ఉన్నాడా, వేరే ఊళ్లో ఆఫీసులో ఉన్నాడా?

ఆ పెద్ద కంపెనీ కూడా ఒకప్పుడు సొంత హోటలే. మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు అన్నదమ్ములు 1940లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో పెట్టుకున్నారు. 1948లో వాళ్లు వంటను కార్ఖానా వరసలాగ చిన్న చిన్న పనులుగా విడగొట్టారు. ఒకడు కాలుస్తాడు, ఒకడు కడతాడు, ఒకడు పానీయం పోస్తాడు. వంట రానివాడు కూడా రెండు రోజుల్లో పని నేర్చుకోగలడు. 1955లో రే క్రాక్ ఆ పద్ధతిని పట్టుకుని ఊరూరికీ ఫ్రాంచైజీలు మొదలుపెట్టాడు. ముక్క ఎంత మందం, నూనె ఎంత వేడి, బంగాళాదుంప ఎంత పొడుగు, అన్నీ పుస్తకంలో రాసిపెట్టారు. ఎంత ఒకేలాగ ఉంటుందంటే, 1986 నుంచి 'ఎకానమిస్ట్' పత్రిక దేశదేశాల కరెన్సీల విలువ పోల్చడానికి వాళ్ల బిగ్ మ్యాక్ ధరను కొలబద్దగా వాడుతోంది.

ఇంజనీరుగా నాకు ఆ పని మీద గౌరవం ఉంది. మన రైలు లైను పట్టాల మధ్య దూరం ఒక అంగుళం తేడా వచ్చినా బండి నడవదు. ప్రమాణం అనేది గొప్ప విషయం. పైగా కంపెనీలు మొండిగా మారవనడం కూడా నిజం కాదు. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో తొలి దుకాణం తెరిచినప్పుడు మన దేశం కోసం గొడ్డుమాంసం లేకుండానే తెరిచింది. ఆలూ టిక్కీ బర్గరు అమ్మింది. అయితే ఆ మార్పు కౌంటరు దగ్గర జరగలేదు, పై ఆఫీసులో జరిగింది. నాకు జ్వరం వచ్చింది, కారం తగ్గించి పెట్టమంటే అక్కడ వీలుపడదు.

జ్వరం మాట వచ్చింది కాబట్టి సింగపూరు సంగతి చెబుతాను. అక్కడ ఆరేళ్లు ఉన్నాను, ఎక్కువగా రాత్రి షిఫ్టుల్లో. అక్కడి హాకర్ సెంటర్లు మీలో చూసినవాళ్లు ఉంటారు. పెద్ద రేకుల కప్పు, దాని కింద వరసగా చిన్న చిన్న దుకాణాలు, మధ్యలో బల్లలు. చైనావాళ్ల నూడుల్సు, మలయావాళ్ల అన్నం, మన దక్షిణాదివాళ్ల పరాటా, అన్నీ ఒకేచోట. ఒక్కో దుకాణం ఒక్కో కుటుంబానిది. చాలా దుకాణాల్లో అమ్మేది రెండు మూడు వంటకాలే, కానీ ముప్ఫై ఏళ్లుగా అవే వండుతూ ఉంటారు. నాకు జ్వరం వచ్చిన వారం నేను రోజూ తినే దుకాణం పెద్దాయన నా తోటివాడి చేత గంజి కట్టించి పంపాడు. వాళ్లు దాన్ని కాంజీ అంటారు. ఆ ఇంగ్లీషు మాట తమిళుల కంజి నుంచే వెళ్లింది. మన గంజికి అది సోదరే.

మా అమ్మను ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. అటూ ఇటూ చూసి, "ఇది మన సంతే గదరా, పైన రేకులేసినారు అంతే" అంది. అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది గాని, ఆ రేకుల వెనక చాలా పని ఉంది. ఒకప్పుడు సింగపూరు వీధుల్లో బండ్ల మీద, నేల మీద వండి అమ్మేవాళ్లు. మురుగు, ఈగలు, కలరా భయం. 1970లలో ప్రభుత్వం వాళ్లను తరిమెయ్యలేదు. కుళాయి నీళ్లు, మురుగుకాలువ, చెత్తకుండీ, కరెంటు ఉన్న సెంటర్లు కట్టి, లైసెన్సులిచ్చి లోపలికి మార్చింది. 1986 నాటికి ఆ పని దాదాపు పూర్తయింది. 1997 నుంచి శుభ్రతకు ఎ, బి, సి, డి అని మార్కులు వేసి, ఆ కాగితం దుకాణం ముందు తగిలించమన్నారు. ఇవాళ అలాంటి సెంటర్లు నూటికి పైగా ఉన్నాయి. 2016లో మిషెలిన్ వాళ్లు రెండు హాకర్ దుకాణాలకు నక్షత్రం ఇచ్చారు. 2020లో యునెస్కో ఆ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. అన్ని కంపెనీ హోటళ్లూ అదే ఊళ్లో ఉన్నాయి, వాటికీ గిరాకీ ఉంది. అయినా చిన్న దుకాణం బతికింది. ప్రభుత్వం దాని రుచి జోలికి పోలేదు, కాళ్ల కింద నేలను మాత్రం బాగుచేసింది.

తర్వాత మెల్‌బోర్న్. అక్కడ కాఫీ సంగతి మనకు పనికొస్తుంది. స్టార్‌బక్స్ 2000లో ఆస్ట్రేలియాలో అడుగుపెట్టి, చకచకా 84 దుకాణాలు తెరిచింది. 2008లో ఒక్క దెబ్బతో 61 మూసేసింది. నేను ఆ ఏడాది అక్కడే ఉన్నాను. మా ఆఫీసులో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలస వచ్చిన ఇటలీవాళ్లు, గ్రీకువాళ్లు వీధివీధికీ కాఫీ దుకాణాలు పెట్టారు. అక్కడి జనానికి మంచి కాఫీ ఎలా ఉంటుందో రెండు తరాలుగా తెలుసు. తాము వెళ్లే దుకాణంలో కాఫీ తీసే మనిషి పేరు తెలుసు. అంతకంటే మంచిది, అంతకంటే చవకది ఇవ్వలేనప్పుడు పెద్ద బోర్డు ఏం చేస్తుంది? పెద్ద కంపెనీని అక్కడ ఏ ఉద్యమమూ ఆపలేదు. నాలుక తెలిసిన గిరాకీ ఆపింది.

ఇంతవరకూ విని చిన్న హోటలు మంచిది, పెద్ద హోటలు చెడ్డది అనుకుంటారేమో. అలా చెప్పను, ఎందుకంటే అది నిజం కాదు.

ఒక దేశంలో, ఊరు పేరు ఎందుకులెండి, ఒక సొంత హోటల్లోకి నేను, మా ఆవిడ, పిల్లలు వెళ్లాం. బల్లలు ఖాళీగా ఉన్నాయి. యజమాని మా మొహాలు చూసి చోటు లేదన్నాడు. ఎదురుగా కంపెనీ హోటలుంది. అక్కడ మా వంతు రాగానే అందరికీ పెట్టినట్టే పెట్టారు. పొయ్యి దగ్గర యజమాని ఉంటే దయ ఎంత దొరుకుతుందో, దురుసుతనమూ అంతే దొరకవచ్చు.

దానికి సముద్రాలు దాటనక్కర్లేదు. మా తాత కొండ మీద పోడు చేసుకునేవాడు. చింతపండు, పిప్పళ్లు కావిడి వేసుకుని పల్లానికి దిగేవాడు. అక్కడి ఒక హోటల్లో ఆయనకు టీ బయట అరుగు దగ్గర, విడిగా పెట్టిన గ్లాసులో పోసేవాళ్లు. తాగి తనే కడిగి బోర్లించాలి. ఆయన ఆ సంగతి కోపంగా చెప్పేవాడు కాదు, వానొచ్చింది, ఎండొచ్చింది అన్నట్టు చెప్పేవాడు. అది కూడా స్థానికులు సొంతంగా నడుపుకునే హోటలే. ఈ సభలో చాలామంది ఇళ్లల్లో ఇలాంటి కథలుంటాయి. డబ్బు చూపిస్తే ఎవరికైనా ఒకే కప్పులో పోసి, పేరు, ఊరు, కులం అడగని కౌంటరు మనలాంటివాళ్లకు చిన్న విషయం కాదు. నా మనవలు ఏ దేశంలోనైనా నిర్భయంగా తలుపు తోసుకుని లోపలికి వెళ్లగలగాలి. కంపెనీ హోటలు ఆ ధైర్యాన్ని ఇస్తుంది. దాన్ని మనం నేర్చుకోవాలి.

ఇక మన అరకుకి వస్తాను.

మా క్లాసువాడి కూతురు, పేరు చెప్పొద్దంది, విశాఖలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. వాళ్లకి అనంతగిరి రోడ్డు పక్కన కొంచెం స్థలం ఉంది. రెండేళ్ల కిందట నాకు ఫోన్ చేసింది. "మావయ్యా, ఒక పెద్ద పేరున్న కంపెనీ ఫ్రాంచైజీ ఇస్తానంటున్నారు. తీసుకోనా, సొంతంగా పెట్టుకోనా? నువ్వు అన్ని దేశాల్లో తిన్నావు కదా, చెప్పు" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. నాలుగు లెక్కలు వేసుకోమన్నాను. అవే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, వంద రూపాయల లెక్క. నీ హోటల్లో ఒకడు వంద రూపాయలు ఇస్తే, అవి సాయంత్రానికి ఎక్కడుంటాయి? ఫ్రాంచైజీ అయితే రొట్టె, మాంసం ముక్కలు, నూనె, పొడులు, కప్పులు, అన్నీ కంపెనీ చెప్పిన చోటే కొనాలి. అవి చల్లటి లారీలో ఘాట్ ఎక్కి వస్తాయి. రాయల్టీ పైకి పోతుంది. అదీ లాభం మీద కాదు, మామూలుగా అమ్మకం మీద శాతం. నష్టమొచ్చిన నెలలో కూడా కట్టాలి. ఇక్కడ మిగిలేది జీతాలు, కరెంటు, అద్దె. సొంత హోటలైతే నాటుకోడి పక్క ఊరిది. బొంగు కొండది. రాజ్మా చింతపల్లి వైపుది. సామలు, చోళ్లు, అల్లం, పసుపు సంతలోవి. తేనె జీసీసీది. అడ్డాకుల విస్తళ్లు ఏ అమ్మో కుట్టినవి. ఆ వంద రూపాయలు సాయంత్రానికి పది ఇళ్లు తిరుగుతాయి.

రెండోది, జూన్ నెల లెక్క. అరకుకి జనం వచ్చేది దసరా నుంచి సంక్రాంతి దాకా, ఆ తర్వాత శని ఆదివారాలు. 2017లో రైలుకి అద్దాల పెట్టె తగిలించాక ఇంకా పెరిగారు. కానీ వానాకాలంలో కొండచరియ విరిగి లైను మీద పడితే, ఘాట్ రోడ్డు మూసేస్తే, రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. ఫ్రాంచైజీలో ఇంత వైశాల్యం, ఇంతమంది పనివాళ్లు, ఇన్ని గంటలు తెరిచి ఉంచాలన్నది ఒప్పందంలో రాసి ఉంటుంది. జూన్‌లో అది తగ్గదు. సొంత హోటలైతే జూన్‌లో రెండు బల్లలే వేసి, బ్యాంకు ఉద్యోగులకు, బడి మాస్టార్లకు క్యారేజీలు కట్టి నడపొచ్చు.

మూడోది, చేతిలో ఉండే అధికారం లెక్క. మనకు 1/70 ఉంది. 1970 నాటి ఆ నిబంధన ఈ కొండల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా కాపాడుతోంది. 1997లో సమతా కేసులో, మన అనంతగిరి గనుల లీజుల మీదే, సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదంది. ఇవి మన పెద్దలు పోరాడి నిలబెట్టుకున్నవి. అయితే చట్టం నేలను కాపాడుతుంది, గల్లాపెట్టె తాళం ఎవరి బొడ్డులో ఉందో చూడదు. పట్టా మన పేరున ఉండి, పెట్టుబడి మరొకరిదై, మెనూ ఇంకొకరిదైతే, మనం మన స్థలంలోనే జీతగాళ్లం. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం తెలుగులో చదివించుకోమని ఆ పిల్లకి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

నాలుగోది, కొత్తవాడి లెక్క. ఇందులో మాత్రం కంపెనీవాడిదే పైచేయి. కోల్‌కతా నుంచి వచ్చిన కుటుంబాన్ని ఊహించుకోండి. తెలుగు రాదు. పెద్దావిడకు మోకాళ్ల నొప్పి. చిన్నపిల్ల మరుగుదొడ్డి అంటోంది. మన హోటళ్లలో ఎన్నిట్లో ధర రాసి ఉంది? ఎన్నిట్లో ఆడవాళ్లు నిశ్చింతగా వెళ్లగలిగే మరుగుదొడ్డి ఉంది? తాగేనీళ్లు ఎక్కడివో ఎంతమంది చెప్పగలరు? వాళ్లు కార్ల నంబరు చూసి ధర చెప్పే దుకాణానికి ఒకసారి వెళితే, రెండోసారి తెలిసిన బోర్డే వెతుక్కుంటారు. వాళ్లను తప్పు పట్టలేం. కిటాక్యూషూలో మొదటి పది రోజులు నేనూ ఆ పనే చేశాను, సబబైన పనే చేశాను.

అంటే లెక్క తేలింది. మూడు లెక్కల్లో సొంత హోటలు గెలిచింది, నాలుగో దాంట్లో ఓడింది. ఓడినచోటే బాగుచేసుకోవాలి. రుచికి ప్రమాణం అక్కర్లేదు. ఒక ఊరి బొంగు చికెన్ ఒకలా, పక్క ఊరిది ఇంకోలా ఉంటేనే అందం. కానీ నీళ్లకు, మరుగుదొడ్డికి, ధరకు, చేతుల శుభ్రతకు, వచ్చినవాడికి ఇచ్చే మర్యాదకు ప్రమాణం ఉండాలి. అది వైశాఖంలోనూ, పుష్యంలోనూ ఒకేలా ఉండాలి.

ఆ అమ్మాయి సొంతంగానే పెట్టింది. నాలుగు బల్లలతో మొదలుపెట్టి ఇప్పుడు ఎనిమిది చేసింది. బల్లల కంటే ముందు మరుగుదొడ్డి కట్టించింది. ధరల బోర్డు తెలుగు, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు నాలుగు భాషల్లో రాయించింది. ప్రతి వంటకానికీ ఫొటో తీసి బయట పెట్టింది. ఆ జపాన్ అద్దాల బీరువా సంగతి నేను చెప్పాలెండి. మొదటి వానాకాలం కష్టంగానే గడిచింది. అప్పు ఇంకా తీరలేదు. నిలబడుతుందో లేదో మరో రెండేళ్లకు గాని తెలియదు. అందుకే ఇది విజయగాథగా చెప్పడం లేదు. జరుగుతున్న పనిగా చెబుతున్నాను. ఇలాంటివాళ్లు మన పూర్వ విద్యార్థుల్లోనే ఇంకా ఉన్నారు. టీ బడ్డీలు, మెస్సులు, ఇంట్లో రెండు గదులు టూరిస్టులకు ఇచ్చేవాళ్లు.

ఒక్క మాట కాఫీ గురించి. మన కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన పండే గింజకు 2019లో 'అరకు వ్యాలీ అరబికా' అని భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందే, 2017లో, పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. గర్వపడాల్సిన విషయమే. కానీ నా చిన్నప్పుడు కాఫీ పళ్లు కోసిన చేతులు ఇంటికొచ్చి తాగింది టీ. ఇప్పటికీ చాలా ఇళ్లల్లో అంతే. మెల్‌బోర్న్‌లో చిన్న దుకాణాన్ని నిలబెట్టింది కాఫీ రుచి తెలిసిన స్థానికులని చెప్పాను కదా. మన గింజ రుచి మన పిల్లలకు తెలియకపోతే, రేపు ఎవరు ఏది పోసి అరకు కాఫీ అన్నా మనం తలూపాల్సి వస్తుంది.

చివరగా సంఘం ముందు నాలుగు విన్నపాలు.

ఒకటి. స్వర్ణోత్సవం ఖర్చులు పోను మిగిలిన దానికి విదేశాల్లో ఉన్న మేం కొంత కలుపుతాం. ఆ నిధితో, పూర్వ విద్యార్థులు నడిపే చిన్న హోటళ్లకు మరుగుదొడ్డి, నీటి ఫిల్టరు కోసం వడ్డీ లేని అప్పు ఇద్దాం. తిరిగి వచ్చిన డబ్బు మరొకరికి. నా వాటా ఇవాళ్టి సభలోనే కోశాధికారిగారికి ఇస్తున్నాను.

రెండు. మనలో బ్యాంకుల్లో, ఐటీడీఏలో, జీసీసీలో, పంచాయతీల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. ఆహార భద్రత రిజిస్ట్రేషను, లోను కాగితాలు, ఫ్రాంచైజీ ఒప్పందం, ఇవేవైనా చదివి చెప్పడానికి నెలకో ఆదివారం ఇదే బడి వరండాలో కూర్చుందాం.

మూడు. మాస్టార్లకు, టీచర్లకు ఒక మనవి. తొమ్మిదో తరగతి పిల్లల చేత వాళ్ల నానమ్మల, అమ్మమ్మల వంటలు రాయించండి. చోడి అంబలి ఎలా పులియబెట్టేవాళ్లు, సామలన్నంలోకి ఏ ఆకుకూర, బొంగులో ఏ ఆకుతో మూతి కట్టేవాళ్లు. కొలతలతో, ఊరి పేరుతో. కంపెనీవాడి బలమంతా రాసిపెట్టుకోవడంలో ఉంది. మనం రాసుకోకపోతే ఆ అవ్వలతో పాటే ఆ వంటలూ పోతాయి.

నాలుగు. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చే మన వాళ్లకు. ఊరికి వచ్చినప్పుడు ఒక్క పూటైనా మనవాళ్ల హోటల్లో తినండి. బోర్డు మీద ధర ఇవ్వండి, బేరమాడకండి. బాగాలేకపోతే మొహమాటపడక అక్కడే, వండిన మనిషికే చెప్పండి. ఆ మాట వినే మనిషి ఎదురుగా ఉండటమే చిన్న హోటలు గొప్పతనం.

ఇవాళ మీరు చేయబోయే భోజనం మన ఊళ్ల మహిళలు వండింది, అడ్డాకుల్లో వడ్డిస్తున్నారు. చేతులు కడుక్కోవడానికి కుళాయిలు కుడివైపు ఉన్నాయి.